మంచుచరియ ఎందుకు జారుతుంది?

మంచు అనగానే మీకేం గుర్తొస్తుంది? ధనుర్మాసంలో తెల్లవారుజామున పొలాలను కమ్మేసే పొగమంచు. గడ్డిపరకల కొసన మెరిసే మంచుబొట్లు. చలికి పేరుపడ్డ లంబసింగి వెళ్ళినా మనం మామూలుగా చూసేది అంతే. పొగమంచుకూ, ఆకాశం నుంచి దూదిపింజల్లా రాలే హిమానికీ, రాయిలా గడ్డకట్టిన నీటికీ కూడా మనం 'మంచు' అనే ఒక్క మాటనే వాడుకుంటాం. అంతకంటె మనకు అవసరం పడలేదు. హిమాలయాల్లో బతికేవారి సంగతి అలా కాదు. ఏ మంచు ఎప్పుడు పడింది, దేనిమీద పడింది అన్నది వారికి ప్రాణాలతో ముడిపడిన విషయం.

2016 ఫిబ్రవరి 3న సియాచిన్ ప్రాంతంలో, సముద్రమట్టానికి 19,600 అడుగుల ఎత్తున ఉన్న మన సైనిక స్థావరం మీద పెద్ద మంచుగోడ కూలింది. మద్రాసు రెజిమెంటు బృందానికి చెందిన 10 మంది జవాన్లు దాని కింద కూరుకుపోయారు. వారిలో ఎక్కువమంది దక్షిణాది వారే. ఒకరు మన కర్నూలు జిల్లా వారు. ఫిబ్రవరి 8న, 25 అడుగులకు పైగా మంచును తొలిచాక, లాన్స్ నాయక్ హనుమంతప్ప ఒక్కరే ప్రాణాలతో దొరికారు. ఆయన కూడా ఢిల్లీలో ఫిబ్రవరి 11న కన్నుమూశారు.

అక్కడ కూలింది గడ్డకట్టిన గట్టి మంచుగోడ. శీతకాలపు కొండల్లో ఇంతకంటె తరచుగా ప్రాణాలు తీసేది మరొకటుంది. వాలు మీద కురిసి పేరుకున్న హిమం ఒక పెద్ద పలకలా విడిపోయి ఒక్కసారిగా కిందికి జారుతుంది. దీన్నే మంచుచరియ అంటాం. చూసేవారికి అది క్షణంలో జరిగిపోయినట్టు కనిపిస్తుంది. నిజానికి అది రోజుల తరబడి, ఒక్కొక్కసారి నెలల తరబడి, మంచు లోపల తయారవుతూనే ఉంటుంది. అంచేత దాన్ని ముందే పసిగట్టే వీలుంది. ఎలాగో చూద్దాం.

పొరమీద పొర

హిమాలయాలకు శీతకాలంలో మంచును తెచ్చేవి పడమటి గాలులు. మధ్యధరా సముద్రం వైపు నుంచి బయలుదేరే ఈ వాతావరణపు అలజడులు డిసెంబరు నుంచి మార్చి దాకా ఒకదాని తర్వాత ఒకటి వస్తుంటాయి. ఒక్కొక్కటి వచ్చినప్పుడల్లా కొండమీద ఒక కొత్త పొర పడుతుంది. మధ్యలో ఎండ కాస్తే పైపొర కొంచెం కరిగి, రాత్రికి గాజులా గట్టిపడుతుంది. ఈదురుగాలి వీస్తే మంచు పొడి ఒకచోటి నుంచి లేచి మరోచోట దట్టంగా అణిగిపోతుంది. ఇలా చలికాలం ముగిసేసరికి కొండవాలు మీది మంచు మడతకాజాలా పొరలు పొరలుగా ఉంటుంది.

ఈ పొరలన్నీ ఒకేలా ఉండవు. అప్పుడే పడిన పొడిమంచు ఒక ఘనపు మీటరు 100 కిలోల లోపే తూగవచ్చు. గాలికి అణిగిన మంచు 300 కిలోలు దాటవచ్చు. అదే ఘనపు మీటరు నీరు 1,000 కిలోలుంటుందని మీకు తెలుసు గదా!

బరువైన గట్టిపొర కింద, పట్టులేని బలహీనమైన పొర ఉంటేనే చిక్కు. పునాదిలో ఇసుక పోసి పైన మేడ కట్టినట్టవుతుంది. ఆ బలహీనమైన పొర ఎలా పుడుతుందన్నదే అసలు రహస్యం.

మంచు లోపల పంచదార

మంచు గొంగళి వంటిది. దాని గింజల మధ్య బోలెడు గాలి ఉంటుంది కాబట్టి వేడిని తొందరగా పోనివ్వదు. పైన గాలి ఎముకలు కొరికే చలిగా ఉన్నా, మంచు అడుగున నేల దగ్గర ఉష్ణోగ్రత 0 డిగ్రీలకు దగ్గరగానే ఉంటుంది.

ఇప్పుడొక లెక్క చూడండి. మంచు ఒక మీటరు మందం ఉందనుకోండి. అడుగున 0 డిగ్రీలు, పైన మైనస్ 15 డిగ్రీలు. అంటే ప్రతి 10 సెంటీమీటర్లకు 1.5 డిగ్రీల తేడా. ఇంత తేడా ఉన్నప్పుడు అడుగున ఉన్న మంచు గింజలు నీరు కాకుండానే ఆవిరవుతాయి. ఆ ఆవిరి పైకి ప్రయాణించి, చల్లని గింజల మీద మళ్ళీ గడ్డకడుతుంది. ఇలా కొన్ని రోజులు జరిగేసరికి గుండ్రని చిన్న గింజలు పోయి, కోణాలుదేలిన పెద్ద స్ఫటికాలు తయారవుతాయి. అచ్చం పంచదార పలుకుల్లా ఉంటాయి. వీటిని గుప్పిట పట్టి ఉండ చేద్దామన్నా ముద్ద కావు. వేళ్ళ సందుల్లోంచి జారిపోతాయి.

ఉష్ణోగ్రతలో తేడా ప్రతి 10 సెంటీమీటర్లకు సుమారు 1 డిగ్రీ దాటితే ఈ పంచదార మంచు తయారవుతుందని శాస్త్రజ్ఞులు చెబుతారు.

మరి అదే చలిలో మంచు 3 మీటర్ల మందం ఉంటే? తేడా 10 సెంటీమీటర్లకు అర డిగ్రీయే. పంచదార పుట్టదు, గింజలు ఒకదానికొకటి అతుక్కుని గట్టిపడతాయి. చూశారా వింత! మంచు తక్కువగా ఉంటే భయం లేదనుకుంటాం. కాని పలచని మంచు, గట్టి చలి కలిసినచోటే అడుగుపొర ఎక్కువ బలహీనపడుతుంది. చలి ఎక్కువగా, గాలి పొడిగా ఉండే లడఖ్, కారకోరం వైపు ఈ బాధ ఎక్కువ. కాశ్మీరుకు దక్షిణాన ఉన్న పీర్ పంజాల్ కొండల్లో చలి అంత తీవ్రంగా ఉండదు, మంచు మాత్రం విపరీతంగా పడుతుంది. అక్కడ ఒక్క తుపానులో పడిన కొత్త మంచు బరువే ప్రమాదం తెస్తుంది. 2005 ఫిబ్రవరిలో కాశ్మీరులోని వల్టెంగో నాడ్ అనే కొండ పల్లె మీద మంచుచరియలు పడి 150 మందికి పైగా మరణించింది అలాంటి భారీ హిమపాతం తర్వాతే.

వంటింట్లో ఒక ప్రయోగం

ఇది మీరే చేసి చూడవచ్చు. అమ్మనడిగి కాస్త గోధుమపిండి, కాస్త పంచదార తీసుకోండి. ఒక చెక్కపలక మీద గరుకు గుడ్డ గట్టిగా పరవండి. దానిమీద పిండిని పలచగా చల్లి అరచేత్తో అదమండి. ఇది పాత మంచు. దానిమీద పంచదార ఒక పొరగా చల్లండి. ఇది బలహీనమైన పొర. ఆపైన మళ్ళీ పిండి మందంగా చల్లి మెల్లగా అదమండి. ఇది కొత్తగా పడ్డ మంచుపలక.

ఇప్పుడు పలకను ఒక వైపు నుంచి నెమ్మదిగా ఎత్తండి. కొంత ఎత్తుకు వచ్చాక పైపిండిలో అడ్డంగా బీట పడుతుంది. మరుక్షణం అది పెచ్చులుగా విడిపోయి పంచదార మీదుగా జారిపోతుంది. ఆ క్షణంలో పలక ఎంత వాలిందో కోణమానినితో కొలవండి. తర్వాత పంచదార లేకుండా, రెండు పొరల పిండితోనే మళ్ళీ చెయ్యండి. ఈసారి ఎంత ఎత్తవలసి వచ్చిందో పోల్చి చూడండి. పని ముగిశాక, చీమలు రాకముందే అంతా శుభ్రం చెయ్యడం మరచిపోకండి!

ఎంత వాలు ప్రమాదం?

అన్ని వాలులూ ఒకేలా జారవు. 25 డిగ్రీల లోపు వాలు మీద మంచుపలక జారడం అరుదు. 60 డిగ్రీలు దాటిన నిట్టవాలు మీద మంచు నిలవనే నిలవదు. పడ్డది పడ్డట్టే కొంచెం కొంచెంగా రాలిపోతుంది. ఈ రెంటికీ మధ్యన, ముఖ్యంగా 30 నుంచి 45 డిగ్రీల దాకా ఉన్న వాలులే ప్రమాదకరం. మంచు బాగా పేరుకునేందుకూ వీలు, జారేందుకూ వీలు. మేడమెట్ల వాలు సుమారు 30 డిగ్రీలుంటుంది. మెట్లంత ఏటవాలుగా ఉన్న మంచువాలు కనిపిస్తే అనుమానించాలని గుర్తుపెట్టుకోండి.

త్రికోణమితి చదువుకున్నవారికి కారణం ఇట్టే తెలుస్తుంది. 60 సెంటీమీటర్ల మందం మంచుపలక, ఘనపు మీటరుకు 200 కిలోలు తూగేది, ఉందనుకోండి. ఒక చదరపు మీటరు ముక్క 120 కిలోలుంటుంది. సైన్ 30 డిగ్రీల విలువ సగం కాబట్టి, 30 డిగ్రీల వాలులో ఆ బరువులో సగం, అంటే 60 కిలోల బలం, పలకను కిందికి లాగుతుంటుంది. 38 డిగ్రీల వాలులో ఆ బలం 74 కిలోలవుతుంది. బలహీనమైన పొర ఈ లాగుడును ఓర్చుకున్నంతసేపు మంచు నిలబడి ఉంటుంది.

అలాంటి పలక 100 మీటర్ల పొడవు, 50 మీటర్ల వెడల్పున ఒక్కసారిగా కదిలితే? 3,000 ఘనపు మీటర్ల మంచు. 600 టన్నుల బరువు. పది టన్నులు మోసే లారీలు 60 ఒకేసారి దొర్లుకొచ్చినట్టు! పొడిమంచు పలకలు గంటకు 100 కిలోమీటర్లను మించిన వేగాన్ని కొద్ది క్షణాల్లోనే అందుకోగలవు. పరుగెత్తి తప్పించుకోవడం కల్ల.

మరొక్క మాట. మీరు నిలుచున్న నేల చదునుగా ఉన్నంతమాత్రాన క్షేమమని కాదు. తలపైన ఏ వాలు ఉందో చూడాలి. పైనుంచి వచ్చిన మంచు చదును మీద కూడా చాలా దూరం పరుచుకుంటుంది.

మీట నొక్కేదెవరు?

కొండల్లో అరిస్తే మంచు విరిగిపడుతుందని సినిమాల్లో చూపిస్తారు. ఇది నిజం కాదు. మనిషి గొంతు పుట్టించే ఒత్తిడి మంచు పొరను విరగ్గొట్టడానికి ఏమాత్రం చాలదు. అరుపు చాలదు గాని, అడుగు చాలు. మనిషి బరువు పలచని పలక మీద పడితే కింది బలహీనమైన పొర ఒకచోట కుంగుతుంది. ఆ కుంగుడు చుట్టుపక్కలకు పాకుతుంది. వరసగా నిలబెట్టిన పుస్తకాల్లో ఒకటి పడితే మిగతావన్నీ పడ్డట్టు, క్షణంలో వాలంతా పట్టు తప్పుతుంది. వినోదం కోసం మంచుకొండల్లోకి వెళ్ళి ప్రాణాలు పోగొట్టుకున్నవారిలో, దాదాపు పదింట తొమ్మిది సందర్భాల్లో మంచును కదిలించింది వారో, వారి తోటివారో!

2023 ఫిబ్రవరి 1న కాశ్మీరులోని గుల్‌మార్గ్ దగ్గర అఫర్వత్ శిఖరం మీద మంచుచరియ విరిగి, స్కీయింగుకు వచ్చిన ఇద్దరు పోలండు దేశస్థులు మరణించారు. చలికాలంలోనే ప్రమాదమనుకోవడమూ పొరపాటే. 2022 అక్టోబరు 4న ఉత్తరాఖండ్‌లోని ద్రౌపది కా దండా శిఖరం మీద, ఉత్తరకాశీ నెహ్రూ పర్వతారోహణ సంస్థకు చెందిన శిక్షణ బృందం మంచుచరియలో చిక్కుకుంది. 29 మంది ప్రాణాలు కోల్పోయారు. శిక్షణ పొందినవారున్న బృందానికే ఇలా జరిగిందంటే, ఏమీ తెలియకుండా వెళ్ళేవారి మాట వేరే చెప్పాలా?

మంచు చెప్పే గుర్తులు

కొండ ముందుగా చెప్పకుండా ఉండదు. దాని మాట మనకు అర్థం కావాలి.

మొదటిది: పక్క వాలు మీద కొత్తగా మంచుచరియ జారిన జాడ. ఇంతకంటె పెద్ద హెచ్చరిక లేదు. అదే దిక్కున, అదే వాలులో ఉన్న తక్కిన చోట్లూ సిద్ధంగా ఉన్నట్టే.

రెండవది: అడుగు వెయ్యగానే కాళ్ళ కింద 'ధబ్' మని బోలు చప్పుడు, లేదా అడుగు దగ్గర నుంచి ముందుకు పాకే బీటలు. కింది పొర కుంగిందని అర్థం. వెంటనే వెనక్కి మళ్ళాలి.

మూడవది: గత ఒకటి రెండు రోజుల్లో బాగా మంచు కురవడం. బరువు ఒక్కసారిగా పెరిగితే పొరలకు సర్దుకునే వ్యవధి ఉండదు. తుపాను వెలిసి ఆకాశం నీలంగా మెరిసే తొలిరోజు చాలా అందంగా ఉంటుంది. చాలా ప్రమాదకరమైనదీ అదే.

నాలుగవది: గాలి. కొత్త మంచు కురవకపోయినా, గాలి ఒక వైపు మంచును ఎత్తి శిఖరానికి రెండో వైపున గుట్టగా పోస్తుంది. శిఖరపు అంచున చూరులా ముందుకు వేలాడే మంచు కనిపిస్తే దాని కిందికి గాని, పైకి గాని పోరాదు.

అయిదవది: ఉన్నట్టుండి ఎండ కాయడం, వాన పడడం. మంచులోకి నీరు దిగితే గింజల మధ్య పట్టు సడలుతుంది. వసంతకాలంలో మధ్యాహ్నం వేళ జారే తడిమంచు నెమ్మదిగానే వస్తుంది గాని, బాగా బరువైనది.

పది నిమిషాలు

మంచుచరియ ఆగగానే దాని గింజలు ఒకదానికొకటి అతుక్కుని సిమెంటులా బిగుసుకుంటాయి. లోపల చిక్కుకున్నవారు వేలు కదపడం కూడా కష్టం. మంచులో గాలి ఉంటుంది గదా, ఊపిరాడదా అని మీరడగవచ్చు. మొదట ఆడుతుంది. కాని మనం వదిలే ఊపిరిలోని తేమ ముఖం ముందరి మంచు మీద గడ్డకట్టి గాజుపొరలా మారుతుంది. కొత్త గాలి రాదు. వదిలిన బొగ్గుపులుసు వాయువునే మళ్ళీ పీల్చవలసి వస్తుంది.

అందుకే ఇక్కడ ప్రతి నిమిషమూ లెక్కే. పూర్తిగా కూరుకుపోయినవారిని 10 నిమిషాల్లో బయటికి తీస్తే పదిమందిలో తొమ్మిదిమంది బతుకుతున్నారు. అరగంట గడిస్తే బతికేది ముగ్గురే. హనుమంతప్ప లాంటివారు అన్ని రోజులు నిలవడానికి కారణం గుడారంలో మిగిలిన కాస్త గాలి. 2025 ఫిబ్రవరి 28న బదరీనాథ్ దాటాక ఉన్న మాణా గ్రామం దగ్గర రహదారి కార్మికుల శిబిరం మీద మంచుచరియ పడింది. చిక్కుకున్న 54 మందిలో 46 మంది బయటపడ్డారు. 8 మంది మరణించారు. వారు ఉంటున్న ఇనుప కంటెయినర్లు నలగకుండా లోపల గాలిని నిలపడం చాలామందిని కాపాడింది.

ఊరి నుంచి సహాయం రావాలంటే గంటలు పడుతుంది. 10 నిమిషాల్లో తవ్వగలిగేది పక్కనున్న తోటివారే. అందుకే మంచుకొండల్లో తిరిగేవారు మూడు వస్తువులు తప్పక వెంట ఉంచుకుంటారు. ఒకటి, 457 కిలోహెర్ట్జ్ దగ్గర సంకేతాలు పంపే చిన్న రేడియో పెట్టె. మీడియం వేవ్ స్టేషన్లకు కొంచెం దిగువన ఉండే పౌనఃపున్యమిది. కూరుకుపోయినవారి పెట్టె పంపే సంకేతాన్ని తోటివారి పెట్టెలు పట్టుకుంటాయి. రెండు, మంచులో గుచ్చి చూసే పొడవైన మడతకర్ర. మూడు, తవ్వడానికి పార. ప్రమాదకరమైన వాలును దాటవలసి వస్తే అందరూ ఒకేసారి దాటరు. ఒకరు దాటుతుంటే మిగతావారు సురక్షితమైన చోట నిలబడి చూస్తుంటారు.

ముందుగా చెప్పే శాస్త్రం

మన దేశంలో మంచుచరియల పరిశోధన 1969లో మనాలిలో మొదలైంది. ఆ పని చేసిన సంస్థ 2020లో, చండీగఢ్ కేంద్రంగా ఉన్న రక్షణశాఖ వారి భూసమాచార పరిశోధన సంస్థలో కలిసిపోయింది. వీరు కొండల మీద యంత్రాలు నిలిపి గాలి, చలి, మంచు మందం కొలుస్తారు. గుంటలు తవ్వి పొరలను పరీక్షిస్తారు. వాటి ఆధారంగా ఫలానా జిల్లాలో, ఇన్ని మీటర్లకు ఎగువన, రాబోయే 24 గంటల్లో ఎంత ప్రమాదముందో ప్రకటిస్తారు.

చాలా దేశాల్లో ఈ ప్రమాదాన్ని 1 నుంచి 5 మెట్లుగా చెబుతారు. 5 అన్నిటికంటె తీవ్రమైనది. మరి ఎక్కువ మరణాలు ఏ మెట్టు మీద జరుగుతాయి? 5 మీద కాదు. ఆ రోజు ఎవరూ ఇల్లు కదలరు. 3వ మెట్టు ఉన్న రోజుల్లో ఎక్కువ మంది చనిపోతుంటారు. 'మధ్యలో ఉంది గదా, ఫరవాలేదు' అనుకోవడమే కారణం.

వాలు దారినే తప్పించడం మరో ఉపాయం. మనాలి నుంచి లాహౌల్ లోయకు పోయే రోహతాంగ్ కనుమ చలికాలమంతా మంచులో మూతపడుతుంది. 2020 అక్టోబరు 3న ప్రారంభమైన 9.02 కిలోమీటర్ల అటల్ సొరంగం ఆ కొండ కిందుగా దారి చూపింది. మంచువాలు మీద ఉన్న చెట్లు కూడా మంచిపనే చేస్తాయి. దట్టమైన దేవదారు అడవి మంచును ఒకే పలకగా ఏర్పడనివ్వదు. అడవి నరికితే ఆ కాపలా పోతుంది.

మీరు రేపు పెద్దవారై సైన్యంలో చేరవచ్చు, పర్వతారోహణ నేర్చుకోవచ్చు, కుటుంబంతో మనాలి, గుల్‌మార్గ్ చూడ్డానికి వెళ్ళవచ్చు. ఆనాడు ఎదురుగా తెల్లగా, నిశ్శబ్దంగా ఒక వాలు కనిపిస్తుంది. అక్కడివారు 'ఇవాళ వద్దు' అంటే 'ఇంత దూరం వచ్చాం గదా' అని వాదించకండి. ఆ తెలుపు కింద ఏముందో వారికి తెలుసు. ఇప్పుడు మీకూ కొంత తెలుసు.

ఆలోచించి చెప్పండి

1. రెండు వాలుల మీద ఒకే చలి. ఒకచోట మంచు 80 సెంటీమీటర్లు, మరోచోట 2 మీటర్ల 40 సెంటీమీటర్లు. నేల దగ్గర 0 డిగ్రీలు, పైన మైనస్ 12 డిగ్రీలు. పంచదార మంచు ఎక్కడ తయారవుతుంది?

2. దారానికి రాయి కట్టి, కోణమానినికి వేలాడదీసి, వాలు కోణం కొలిచే పరికరం తయారు చెయ్యండి. మీ బడి మెట్ల వాలు ఎన్ని డిగ్రీలు?

3. నాలుగు రోజులుగా మంచు కురవలేదు. అయినా శిఖరానికి ఒక వైపున ప్రమాదం పెరిగింది. ఎందుకై ఉంటుంది?